చార్టులో లేని మాట

ఆమె నన్ను మొదటిసారి ఎగతాళి చేసినప్పుడు నేను నమస్కారం పెట్టాను.

నా తప్పేం లేదు. నూట ఇరవై మరమగ్గాలు ఒకేసారి ఆడే షెడ్డులో పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప ఏదీ వినపడదు. నేను ఆరేళ్ళు బాయిలర్ దగ్గర ఫిట్టరుగా చేసి, ఆ ఉదయమే మగ్గాల షెడ్డుకు బదిలీ మీద వచ్చాను. ఒక చేతిలో నూనెడబ్బా, చంకలో కరపత్రాల కట్ట. యూనియన్ సెక్రటరీని, ఉత్త చేతులతో ఎలా వెళ్తాను? మగ్గానికొకటి పంచి, నడవ మధ్యలో నిలబడి శ్రమ గురించీ దోపిడీ గురించీ పది నిమిషాలు గొంతు చించుకున్నాను.

ఏడో వరుసలో ఒకమ్మాయి తలెత్తి నావైపు చూసింది. తన నోట్లోంచి పొడవాటి కాగితం లాగుతున్నట్టు, ఎంత లాగినా అది అయిపోనట్టు చెయ్యి ఆడించింది. వరుసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఉపన్యాసం బాగుందంటున్నారు కాబోలనుకుని చేతులు జోడించాను. నవ్వు ఎనిమిదో వరుసకు పాకింది.

ఆ రోజు నుంచి నా పేరు కరపత్రం.

షెడ్డులో నోటి పేర్లు పనికిరావు. అందరికీ చేతి పేర్లే. ఆ అమ్మాయిది చిటికె. రెండు వేళ్ళు కలిపి చిటికె వేస్తే ఆమెను పిలిచినట్టు. ఆ చప్పుడు ఎవరికీ వినిపించదు, కనిపిస్తుంది.

తిండి విరామంలో ఆమెను పట్టుకున్నాను.

"ఏమన్నారు మీరు నన్ను?"

"మూడు వారాలు ఇక్కడ పనిచేయండి. మీకే తెలుస్తుంది."

"నా కరపత్రం చదివారా?"

"చదివా. మొదటి లైన్లోనే మా ఇంట్లో ఎప్పుడూ తిరగని మాటలు నాలుగున్నాయి. మీ ఇంట్లో తిరుగుతాయా అవి?"

"అవి సిద్ధాంతం మాటలు."

"మీ అమ్మతో గొడవపడేటప్పుడు వాడతారా?"

"లేదు."

"మరి మాతో ఎందుకు వాడతారు? మేమేం పాపం చేశాం?"

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను మామూలుగా ఇంకో కరపత్రం రాస్తాను. ఆ రోజు మాత్రం ఎందుకో, "ఆ చేతుల మాట నాకు నేర్పుతారా?" అని అడిగాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నోరు మూసుకుని ఉండగలరా?"

"ప్రయత్నిస్తా."

షెడ్డు వెనక రేకుల వరండాలో నూలు బేళ్ళు పేర్చి ఉంటాయి. రోజూ విరామంలో ఇరవై నిమిషాలు అక్కడే నా బడి. అది వానల కాలం. రేకుల మీద వాన మగ్గాలతో పోటీపడి మోగేది. అందువల్ల బయట కూడా నోటితో పనిలేకపోయింది. చూపుడువేలు కొక్కెంలా వంచి లాగితే పోగు తెగిందని. అరచేయి బోర్లించి పక్కకు ఊపితే నా మగ్గం కాస్త చూడమని. మెడ దగ్గర టై సర్దుకున్నట్టు చేస్తే మేనేజర్ వస్తున్నాడని. ఒక అరచేతిని ఇంకో ముంజేతి మీదుగా మెల్లగా జారిస్తే, అందరం కలిసి వేగం తగ్గిద్దామని.

ఆ చివరిది చూడగానే నా ఒళ్ళు పులకరించింది. యూనియన్ ఆరేళ్ళలో చేయలేని పనిని ఈ షెడ్డు ఒక్క అరచేత్తో చేస్తోంది.

"దీన్ని మొదట ఎవరు కనిపెట్టారు?" అన్నాను, వాన హోరు కాస్త తగ్గాక.

"ఎవరైతే ఏంటి?"

"ఎవరో ఒకరు చేసి ఉండాలి కదా."

"ఒకరు చేస్తే అది చెయ్యి ఊపడం. ఇంకొకరు అర్థం చేసుకుని తిరిగి చేస్తే అప్పుడది మాట."

"సరే, మీరొక్కరే మీకోసం ఒక గుర్తు పెట్టుకున్నారనుకోండి. ఇంకెవరికీ చెప్పరు. అది మాట కాదా?"

"కాదు. దురద."

నేను చాలాసేపు నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయి ఆలోచనలో పడ్డాను. పాత కాగితాల దుకాణంలో అట్టలు ఊడిన పుస్తకాలు తూకానికి కొనుక్కుని చదువుకున్నవాణ్ణి నేను. మాటకు అర్థం ఎక్కడుంటుందని పెద్ద చదువులవాళ్ళు వందల పేజీలు తవ్వారు. తలలో ఉంటుందని ఒకడు, వస్తువులో ఉంటుందని ఒకడు. ఈ అమ్మాయి నూలు బేలు మీద కాళ్ళు ఊపుకుంటూ రెండు వాక్యాల్లో తేల్చేసింది. నలుగురు కలిసి చేసే పనిలో ఉంటుంది. విడిగా ఎక్కడా ఉండదు.

"ఇది తెలుసా మీకు?" అన్నాను ఊపు ఆపుకోలేక. "యజమాని మగ్గం కొన్నాడు. నూలు కొన్నాడు. మన ఎనిమిది గంటలు కొన్నాడు. ఈ మాటలు మాత్రం కొనలేదు. ఆయన షెడ్డులోనే, ఆయనకు తెలియకుండా, జనం చేసుకున్నారు. ఇవి ఎవరి సొంతమూ కాదు, అందరివీ. వాడినకొద్దీ తరిగేవి కూడా కాదు. లోకంలో అన్నీ ఇలాగే ఉండాలని కదా మేం మొత్తుకునేది."

ఆమె కాళ్ళు ఊపడం ఆపింది. నావైపు కొత్తగా చూసింది. వాన జల్లు ఆమె చెంప మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"ఇదే మాట మొదటి రోజు చెప్పి ఉంటే వినేవాళ్ళం కదా, కరపత్రం గారూ."

"మొదటి రోజు నాకు తెలీదు."

"మరి ఎవరు నేర్పారు?"

"ఒకామె. దురద గురించి బాగా తెలిసిన మనిషి."

ఆమె తడి చేతిని నా మొహం మీద విదిలించి లోపలికి పరుగెత్తింది. ఆ మధ్యాహ్నం నేను ఒకే మగ్గానికి మూడుసార్లు నూనె పోశాను. అది ఏడో వరుసలో ఉంది.

మరో రోజు ఆమె తన ఇంటి సంగతి చెప్పింది. వాళ్ళమ్మ ముప్పై ఏళ్ళు ఇదే షెడ్డులో నేసింది. ఆ చప్పుడుకి చెవులు పూర్తిగా పోయాయి. ఇప్పుడు తల్లీకూతుళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది ఈ చేతులతోనే. "మగ్గం అమ్మ దగ్గర చెవులు లాక్కుంది. షెడ్డు ఈ మాట ఇచ్చింది. ఇదీ లేకపోతే మా ఇంట్లో నిశ్శబ్దమే" అంది మామూలుగా, పోగు ముడివేస్తూ మాట్లాడినట్టు.

ఇవన్నీ నేను ఒక నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. ప్రతి గుర్తుకూ ఒక బొమ్మ, పక్కన వివరం. చొక్కా జేబులోనే ఉండేది ఆ పుస్తకం. రాసుకోకపోతే నాకు ఏదీ బుర్రకెక్కదు. అదే నా రోగం.

ఆ రోగమే నన్ను ముంచింది.

ఒక ఉదయం మేనేజర్ పిలిపించాడు. బల్ల మీద టీ పెట్టించాడు. ఆరేళ్ళలో ఆ గదిలో నాకు కుర్చీ చూపించడం అదే మొదలు.

"షెడ్డులో మీవాళ్ళు చేతులతో మాట్లాడతారట కదా. అద్భుతమైన విషయం. దాన్ని కంపెనీ గుర్తించాలనుకుంటోంది. ప్రమాదాలు తగ్గుతాయి, కొత్తవాళ్ళకి నేర్పచ్చు. ఒక మంచి చార్టు వేయిద్దాం. కార్మికుల భాషకు కంపెనీ గుర్తింపు. యూనియన్ సెక్రటరీగా మీ సంతకం కూడా ఉంటుంది."

యూనియన్‌ను గుర్తించమని ఆరేళ్ళుగా గేటు ముందు అరుస్తున్నాం. ఆయన ఏకంగా మా భాషనే గుర్తిస్తానంటున్నాడు. ఆకలితో ఉన్నవాడికి వంటగది తలుపు తీసినట్టయింది. ఆమె మాటలు అద్దం వెనక, అందంగా అచ్చై, షెడ్డు గోడ మీద ఉంటాయి. చూసి ఎంత సంతోషిస్తుందో. ముందే చెబితే ఏం సరదా ఉంటుంది?

జేబులోంచి నోట్‌బుక్ తీసి బల్లమీద పెట్టాను. సంతకం కూడా పెట్టాను. పైగా థాంక్స్ చెప్పాను.

పన్నెండో రోజున చార్టు వచ్చింది. నలభై ఎనిమిది బొమ్మలు. కింద నా సంతకం. దాని పక్కన ఒక నోటీసు: ఇకపై షెడ్డులో ఈ నలభై ఎనిమిది తప్ప వేరే సైగలు చేయరాదు. చేసినవారికి మెమో. నడవల మీద నాలుగు కెమెరాలు పెట్టారు.

టై సర్దుకున్నట్టు చేసేది చార్టులో లేదు. ముంజేతి మీదుగా అరచేయి జారించేదీ లేదు. కానీ మేనేజర్‌కు ఇప్పుడు రెండూ తెలుసు. నా నోట్‌బుక్‌లో ఉన్నాయి కదా, బొమ్మలతో సహా. రెండు రోజుల్లో ముగ్గురికి మెమోలు అందాయి.

ఆమె వరండాలో నాకోసం ఎదురుచూస్తోంది. వాన లేదు. మాటలన్నీ స్పష్టంగా వినపడ్డాయి.

"మాతో మాట్లాడ్డానికి నేర్చుకుంటున్నావనుకున్నా. రాసుకోడానికి నేర్చుకున్నావా?"

మీరు అనడం మానేసింది. దగ్గరితనంతో కాదు.

"గుర్తింపు అన్నాడు. నేను నీకోసమే..."

"నాకోసమా? అది నాది కాదని నువ్వే కదా చెప్పావు. అందరిదీ అన్నావు. మరి అందరిలో ఎవర్ని అడిగావు?"

నా చెయ్యి జేబు మీదికి పోయింది. నోట్‌బుక్ అక్కడ లేదు.

"దోపిడీ, దోపిడీ అని పాతిక కరపత్రాలు రాశావు. ఒక్కటీ ఎవరికీ ఎక్కలేదు. ఇప్పుడు షెడ్డు మొత్తానికీ బాగా అర్థమైందిలే. ఇంక రాయక్కర్లేదు."

"చిటికె..."

"ఆ పేరు చార్టులో లేదు. పిలవకు."

వెళ్ళిపోయింది. నేను నేరుగా మేనేజర్ గదికి పోయాను. ఈసారి కుర్చీ చూపించలేదు. "ఇది ఇప్పుడు కంపెనీ చార్టు. కింద సంతకం మీదే కదా" అన్నాడంతే.

ఆ సాయంత్రం షిఫ్టు అయ్యేలోపే బయటపడి, వానలో తడుస్తూ వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె ఇంకా షిఫ్టులోనే ఉంది. నాకు కావాల్సింది వాళ్ళమ్మ.

టైర్ల రిపేరు షాపు మీద ఒక గది. తలుపు పక్కన గంట లేదు, స్విచ్ ఉంది. నొక్కితే లోపల బల్బు వెలుగుతుంది. నొక్కాను. సన్నగా, నిటారుగా ఉన్న ఒకావిడ తలుపు తీసింది. నన్ను చూసి తన నోట్లోంచి కాగితం లాగినట్టు చేసి, కనుబొమలెగరేసింది. నువ్వేనా అని.

నేనే అని తలూపాను. ఆమె ముందు నిలబడి, నాకు చేతనైనంతలో చేతులతో చెప్పాను. నేను. పుస్తకం. మేనేజర్. ఇచ్చాను. ఆ తర్వాత ఆగిపోయాను. క్షమించమనడానికి గుర్తు తెలియలేదు. చిటికె నేర్పలేదు.

పెద్దావిడ నోరు తెరిచింది. తన గొంతు తనకు వినపడదు గనుక ఆమె మాట్లాడితే కింద షాపులో సుత్తి ఆగిపోతుంది.

"ఏం వెతుకుతున్నావ్? తప్పైపోయింది అనడానికా? అలాంటిది లేదు మా దగ్గర."

లేదా అన్నట్టు చూశాను.

"పక్కవాళ్ళ పోగు నీ వల్ల తెగిందనుకో. వెళ్ళి ముడేస్తావు. అంతే. చేతులు ఖాళీగా ఉంటే కదా తప్పైందని ఊపడానికి."

తువ్వాలు నా మీదికి విసిరి కూర్చోమంది. "ఆ చార్టులో ఎన్నున్నాయి?"

వేళ్ళతో చూపించాను.

ఆమె నవ్వింది. "నలభై ఎనిమిదా? మా అమ్మాయి ఉప్పు తక్కువైందని చెప్పడానికే ఆరు రకాలు వాడుతుంది. ఆ నలభై ఎనిమిదితో షెడ్డు నడుస్తుందని ఎవడికి పుట్టింది బుద్ధి? సరే, ఆయన చెప్పినట్టే చెయ్యండి. చార్టులో ఉన్నదే మాట్లాడండి. ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. చార్టులో లేని అవసరం వస్తే మగ్గం ఆపి, నడుచుకుంటూ వెళ్ళి, నోటితో చెప్పి రండి."

నాకు అర్థమైంది. లేచి నిలబడ్డాను.

"కూర్చో. ఇదంతా ఎవరు నడిపిస్తారు? నేతవాళ్ళు మగ్గం వదిలి కదల్లేరు. షెడ్డులో నూనెడబ్బా పట్టుకుని తిరిగేది ఫిట్టరొక్కడే. మూడు షిఫ్టులకూ నువ్వే మోసుకెళ్ళాలి, మనిషి మనిషికీ. ఒక్క ముక్క కాగితం మీద పెట్టావంటే ఈ గుమ్మం ఎక్కనివ్వను."

తలూపాను. అడగాల్సింది ఇంకొకటి ఉంది. చెయ్యి పైకెత్తి చిటికె వేశాను. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ముందు ముడి వెయ్యి," అంది పెద్దావిడ. "పిల్ల సంగతి తర్వాత."

కింద టైర్ల షాపులో ఎవరో గట్టిగా నవ్వారు.

తర్వాతి మూడు రోజులు నా బతుకులో నేను రాయకుండా బతికిన రోజులు. చొక్కా జేబు ఖాళీ. మగ్గం మగ్గానికీ వెళ్ళాను. నూనె పోయడానికి వంగినప్పుడు చెవిలో నోరు పెట్టి అరిచి చెప్పాను. ముందు తప్పు నాదని, సంతకం పెట్టింది నేనేనని. తర్వాత చేయాల్సింది. కొందరు తిట్టారు. ఒకాయన నూనెడబ్బా లాక్కుని, "ఇదైనా అమ్మెయ్యకుండా ఇక్కడుంచు" అన్నాడు. పడ్డాను. పడాల్సిందే. ఏడో వరుసలో ఆమె దగ్గరికి కూడా వెళ్ళి చెప్పాను. ఆమె మొహం తిప్పకుండా విని, పోగు ముడి వేసుకుంది. ఒప్పుకుందో లేదో తెలియలేదు.

నాలుగో రోజు ఉదయం షెడ్డు మొత్తం క్రమశిక్షణ మొదలుపెట్టింది.

ఒకామెకు మంచినీళ్ళు కావాలి. కాస్త నా మగ్గం చూడమనేది కూడా మేనేజర్ చార్టులోకి రానివ్వలేదు. మగ్గం ఆపి, నడిచి వెళ్ళి, తాగి, నడిచి వచ్చింది. ఒకాయనకు ఎదుటివాడి బట్ట అంచు వదులవడం కనిపించింది. అదీ లేదు. తన మగ్గం ఆపి, చార్టు దాకా వెళ్ళి, నలభై ఎనిమిదీ వేలుపెట్టి వెతికి, లేదని నిర్ధారించుకుని, అప్పుడెళ్ళి చెప్పాడు. ఈలోగా బట్ట రెండు మూరలు పాడైంది. చార్టు ముందు క్యూ కట్టారు. కెమెరాలు అన్నీ చూశాయి. మెమో ఇవ్వడానికి ఒక్క చెయ్యీ దొరకలేదు. అందరూ నోటీసులో ఏముందో అదే చేస్తున్నారు.

మధ్యాహ్నానికి ఉత్పత్తి సగమైంది. రెండో రోజుకు పావు వంతు. మూడో రోజు మేనేజర్ నన్ను పిలిచాడు. కుర్చీ మళ్ళీ వచ్చింది, టీ కూడా.

"నలభై ఎనిమిది చాలినట్టు లేవు. వంద చేద్దాం. మిగతావి మీరు రాసివ్వండి."

"వంద పెడితే నూట ఒకటోది కావాల్సొస్తుంది సార్."

"అయితే రెండొందలు."

"అవి గోదాములో సరుకు కాదు సార్, ఎన్నున్నాయో చూసి పేర్చడానికి. పని వచ్చినప్పుడు పుడతాయి. పని చేసేవాళ్ళే పుట్టిస్తారు. మీకు వాటిమీద పెత్తనం కావాలంటే మీరూ వచ్చి మగ్గం మీద నిలబడాలి. అప్పుడు మీవీ అవుతాయి, మాతోపాటే."

"యూనియన్ సెక్రటరీగా మీరొక సంతకం పెడితే..."

"నా ఒక్కడి సంతకం చెల్లదు సార్. మొదటిసారి కూడా చెల్లకూడదు. షెడ్డును అడగండి."

టీ ముట్టుకోకుండా వచ్చేశాను. అదీ చెప్పుకోదగ్గ త్యాగమే, ఆ రోజు నాకు పొద్దున్నుంచి టీ లేదు.

ఆరో రోజున చార్టు దించారు. కెమెరాలు తలుపుల వైపు తిప్పారు. మెమోలు వెనక్కి తీసుకున్నారు. మేనేజర్ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. గోడమీద చార్టు ఉన్నచోట నాలుగు పలకల తెల్లమచ్చ మిగిలింది. మగ్గాలన్నీ ఒకేసారి కదిలాయి. నూట ఇరవై జతల చేతులు ఒక్కసారిగా గాల్లోకి లేచి, వారం రోజులుగా దాచుకున్న కబుర్లన్నీ చెప్పుకోవడం మొదలుపెట్టాయి. వానకు ముందు పిట్టలు లేచినట్టుంది. నేను నూనెడబ్బా పట్టుకుని నడవలో అలాగే నిలబడిపోయాను.

ఏడో వరుసలో ఆమె తలెత్తింది.

నావైపు చూసి, నోట్లోంచి కాగితం లాగినట్టు చేసింది. మళ్ళీ వెక్కిరింపే అనుకున్నాను. కానీ ఈసారి కాగితం అయిపోయింది. దాన్ని మడిచింది. ఇంకోసారి మడిచింది. మంచి నూలు కండె దొరికితే నేతవాళ్ళు ఎవరికంటా పడకుండా నడుం దగ్గర దోపుకుంటారు. అలా దోపుకుంది. దోపుకుని, మొహం ఎర్రబడగా, నావైపే చూస్తూ నిలబడింది.

ఆ గుర్తు షెడ్డులో అంతకుముందు లేదు. ఎవరూ నాకు నేర్పలేదు. నా నోట్‌బుక్‌లో ఉండే అవకాశమే లేదు. ఆమె ఒక్కతే చేసింది. నేను అలాగే ఉండిపోతే అది ఉత్త చెయ్యి ఊపడమే.

నూనెడబ్బా కింద పెట్టాను. చెయ్యెత్తి చిటికె వేశాను. ఆ చిటికెను గాల్లోంచి పట్టుకుని, నోట్‌బుక్ ఉండే ఖాళీ జేబులో పెట్టుకుని, గుండీ పెట్టాను.

ఆమె నవ్వింది. వరుసంతా నవ్వింది. ఎనిమిదో వరుసలో నాకు నూనెడబ్బా విషయంలో చీవాట్లు పెట్టినాయన తన పెళ్ళాం వైపు తిరిగి అచ్చం అలాగే చేశాడు. ఆమె అతని మీదికి ఖాళీ కండె విసిరింది. సైరన్ మోగేసరికి ఆ మాట మూడు రకాలుగా వాడుకలో ఉంది.

"ఇప్పుడు ఏమంటావు?" అన్నాను గేటు బయట.

"నువ్వేం రాసుకోకుండా ఉంటే చెప్తా."

"జేబుకు గుండీ పెట్టేశాను. చోటు లేదు."

"అమ్మకు చెప్పాలి."

"పద. నేనే చెప్తా. చేతులతోనే."

"భయం లేదా?"

"ఆవిడ సమాధానం చెబితే టైర్ల షాపుకి కూడా వినపడుతుంది. దానికే భయం."

చినుకులు మొదలయ్యాయి. ఒక్క గొడుగే ఉంది. చేతులు ఖాళీ లేక దారంతా ఏమీ మాట్లాడుకోలేదు.

మెట్లెక్కి స్విచ్ నొక్కాను. లోపల బల్బు వెలిగింది. తలుపు తెరుచుకుంది. నేను ఊపిరి పీల్చుకుని రెండు చేతులూ పైకెత్తాను. ఎక్కడ మొదలుపెట్టాలా అని ఇంకా చూసుకుంటున్నాను. మా షిఫ్టువాళ్ళు మాకంటే ముందే ఆ కొత్త మాటతో ఈ వీధిలోంచి ఇళ్ళకు వెళ్ళారని నాకు తట్టలేదు.

పెద్దావిడ నా చేతులు పట్టి కిందికి దించింది. తన నోట్లోంచి కాగితం ఒకటి లాగింది. మడిచింది. తర్వాత కూతురి వైపు చూసి చిటికె వేసింది. రెండింటినీ కలిపి, జాగ్రత్తగా, తన నడుం దగ్గర దోపుకుంది.